మాలిమి: బెదిరిన కుక్క నమ్మకం ఎలా సంపాదించాలి?

11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కోరికపై నన్నయ భట్టారకుడు ఆంధ్ర మహాభారతం మొదలుపెట్టాడు. అందులో ఆదిపర్వం ఆరంభంలోనే ఒక కుక్కపిల్ల కనిపిస్తుంది. జనమేజయ మహారాజు యాగం చేస్తున్న చోటికి సారమేయుడనే కుక్కపిల్ల ఆడుకుంటూ వచ్చింది. అది దేవలోకపు కుక్క సరమకు కొడుకు. హవిస్సును ముట్టుకోలేదు, ఎవరినీ కరవలేదు. అయినా రాజు తమ్ముళ్లు దాన్ని కొట్టి తరిమారు. పిల్ల ఏడుస్తూ తల్లికి చెప్పుకుంది. సరమ నేరుగా యాగశాలకు వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. కారణం లేకుండా కొట్టినవారికి కారణం తెలియని భయాలు వచ్చిపడతాయని చెప్పి ఆ తల్లి వెళ్లిపోయింది.

ఈ కథను పద్యపాఠంగా చదివేటప్పుడు సరమ మాటను శాపంగా చెప్పుకుంటాం. వీధికుక్కల ప్రవర్తనను గమనించేవారికి అది శాపం కన్నా ఎక్కువగా ఒక పరిశీలనలా వినిపిస్తుంది. ఎవరో ఒకరు ఊరికే రాయి విసురుతారు. ఆ దెబ్బ తిన్న కుక్క మనిషి చెయ్యి పైకి లేస్తే చాలు, భయపడటం నేర్చుకుంటుంది. మర్నాడు ఆ పక్కగా బడికి పోతున్న చిన్నపిల్ల సంచి సర్దుకోవడానికి చెయ్యెత్తుతుంది. కరుపు ఆ పిల్లకు పడుతుంది. రాయి విసిరినవాడు ఒకడు, భయం పంచుకున్నవారు ఇద్దరు.

ఈ భయాన్ని వెనక్కి తిప్పడం ఎలాగన్నదే ఈ పాఠం.

రెండు భయాలు

ముందుగా ఒక మాట. కుక్కల పట్ల దయ గురించి రాస్తున్నాం కదా అని పిల్లల భయాన్ని చిన్నచూపు చూడలేం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు చనిపోయాడు. ఆ వార్త చూసిన ప్రతి తల్లీ తన బిడ్డ చెయ్యి గట్టిగా పట్టుకుంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టేవారు దాదాపు ఉండరు. అందుకే ఈ విషయంలో ఏమరుపాటు కూడదు.

అయితే ఒక సంగతి ఆలోచించండి. మనిషిని చూస్తేనే పారిపోయే కుక్కకు టీకా వేయడం కష్టం. దాన్ని పట్టుకోవడం కష్టం, గాయమైతే మందు రాయడం కష్టం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం మరీ కష్టం. మనిషిని నమ్మిన కుక్కకు ఇవన్నీ సులువుగా జరుగుతాయి. వీధిలో కుక్కలకు టీకా పడితే ఆ వీధి పిల్లలకు రక్షణ దొరుకుతుంది. కాబట్టి కుక్క నమ్మకం సంపాదించడం జాలిగుండె ఉన్నవారి సరదా మాత్రమే అనుకోకూడదు. అది ఆ వీధి ఆరోగ్యానికి సంబంధించిన పని.

భయం ఎలా పుడుతుంది?

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మీ అందరికీ తెలుసు. రాజుగారిచ్చిన ఆవు పాలను కాగేవి కాగినట్టు గిన్నెలో పోసి పిల్లి ముందు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలు కనబడితే చాలు, పరుగందుకుంది. సభలో అందరూ నవ్వారు. పిల్లికి మాత్రం అది నవ్వులాట కాదు. పాల తెలుపు, కాలిన నొప్పి దాని మనసులో ఒకదానికొకటి ముడిపడిపోయాయి.

ఇటువంటి ముడినే రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ ప్రయోగశాలలో చూపించాడు. తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపిస్తే, కొన్నాళ్లకు ఆ శబ్దానికే కుక్క నోట్లో లాలాజలం ఊరింది. మంచి విషయంతో ముడిపడితే ఆశ పుడుతుంది, నొప్పితో ముడిపడితే భయం పుడుతుంది. ముడి పడే పద్ధతి ఒకటే. ఇక్కడే మనకొక ఆసరా దొరుకుతుంది. ముడి పడినట్టే, ఓపిక ఉంటే, పాత ముడి మీద కొత్త ముడి వేయవచ్చు.

అన్ని భయాలకూ దెబ్బలే కారణం కావు. కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగో వారం దాకా లోకాన్ని పరిచయం చేసుకునే వయసు. ఆ రోజుల్లో మనుషుల చేతులు, గొంతులు, బండ్ల చప్పుళ్లు మంచిగా పరిచయమైతే పెద్దయ్యాక బెదురు తక్కువగా ఉంటుంది. ఆ వయసంతా గోదాము వెనకాల, మనిషి అలికిడి లేని చోట గడిస్తే, ఎవరూ కొట్టకపోయినా మనిషంటే బెదురు ఉంటుంది. కనుక బెదిరిన ప్రతి కుక్కనూ చూసి ఎవరో హింసించారని తీర్పు చెప్పకూడదు.

మరొక సంగతి ఇంకా జాగ్రత్తగా తెలుసుకోవాలి. 1967లో అమెరికాలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే పరిశోధకులు కుక్కలపై ఒక ప్రయోగం చేశారు. తప్పించుకునే దారి లేకుండా విద్యుత్ షాకులు తిన్న కుక్కల్లో చాలావాటికి తర్వాత దారి చూపించినా అవి కదల్లేదు. చిన్న అడ్డుగోడ దాటితే చాలు, బాధ పోతుంది. అయినా అక్కడే పడుకుని మూలిగాయి. ప్రయోగం క్రూరమైనదే. అది చెప్పిన నిజం మాత్రం మనకు పనికొస్తుంది. మూలన కదలకుండా పడుకున్న కుక్కను చూసి ‘ఎంత బుద్ధిగా ఉందో’ అంటాం. అది బుద్ధి కాకపోవచ్చు. ఏం చేసినా లాభం లేదని ఆశ వదులుకోవడం కావచ్చు.

కుక్క చెప్పే మాటలు

మొరిగే కుక్క కరవదని మన సామెత. సామెతలన్నీ మంచివే గాని ఈ ఒక్కదాన్ని నమ్మి ముందుకు వెళ్లకండి. మొరిగే కుక్క కూడా కరుస్తుంది. గుర్రుమనడం, పళ్లు చూపించడం అది మనకిచ్చే హెచ్చరికలు. గుర్రుమన్నందుకు కొడితే కుక్క భయం పోదు, హెచ్చరిక మాత్రం పోతుంది. ఆ తర్వాత చెప్పాపెట్టకుండా కరుస్తుంది.

గుర్రుమనడానికి ముందే కుక్క చాలా మాటలు చెబుతుంది. తోకను కాళ్ల సందులోకి ముడుచుకుంటుంది. చెవులు వెనక్కి వాల్చి, ఒళ్లు కుంచించుకుంటుంది. ఆకలి లేకపోయినా మూతి నాక్కుంటుంది. నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. తల పక్కకు తిప్పుకుని, కంటి కొసన తెల్లగుడ్డు కనిపించేలా చూస్తుంది. ఒక ముందుకాలు కొంచెం పైకెత్తి ఆగిపోతుంది. ఇటువంటి గుర్తులను ఏళ్ల తరబడి గమనించి, వాటిని శాంతి సంకేతాలు అని పిలిచింది నార్వేకు చెందిన తూరిద్ రూగోస్ అనే శిక్షకురాలు. ‘నేను గొడవ పడను, నువ్వూ కాస్త ఆగు’ అని వాటి అర్థం.

తోక ఊపిన ప్రతిసారీ సంతోషమని కూడా అనుకోవద్దు. ఒళ్లంతా వదులుగా ఊగుతూ తోక ఆడితే అది ఆహ్వానం. ఒళ్లు బిగదీసుకుని తోక ఒక్కటే గట్టిగా నిలబెట్టి ఊపితే అది ఉద్రేకం.

మనం చేసే స్నేహపు పనులు చాలావరకు కుక్క భాషలో బెదిరింపులు. ఎదురుగా నేరుగా నడిచి వెళ్లడం, కళ్లలోకి చూడటం, మీదికి వంగడం, తల మీద చెయ్యి వేయడం, పళ్లన్నీ కనిపించేలా నవ్వడం, ఇవన్నీ మనకు ప్రేమ. బెదిరిన కుక్కకు మాత్రం ఇవి దాడికి ముందు కనిపించే కదలికలు. పక్కకు తిరిగి కూర్చోవడం, నేల చూడటం, మెల్లగా మాట్లాడటం, చేతులు ఒళ్లో పెట్టుకోవడం, ఇవీ దాని భాషలో పలకరింపులు.

ఉధ్నా సందులో కండె

సూరత్ నగరంలో ఉధ్నా, లింబాయత్ ప్రాంతాలు మర మగ్గాలకు పేరు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. పగలూ రాత్రీ తేడా లేకుండా మగ్గాల చప్పుడు వినిపించే ఒక సందులో, శ్రావణమాసపు వానల్లో, ఆగి ఉన్న టెంపో కింద గోధుమరంగు ఆడకుక్క ఒకటి చేరింది. వీపు మీద అరచేయంత మేర వెంట్రుకలు లేవు, కాలిన మచ్చ ఉంది. చుట్టుపక్కల ఇళ్ల పిల్లలు దానికి కండె అని పేరు పెట్టారు. నేతవారి ఇళ్లలో పేక నూలు చుట్టుకునే గొట్టాన్ని కండె అంటారు. అది ముడుచుకుని పడుకుంటే అచ్చం చుట్టిన కండెలాగే ఉండేది.

మా తెలుగు తరగతిలో కొందరిది ఆ సందే. కండెకు తిండి పెట్టాలని వారు ఉబలాటపడ్డారు. చిన్నపిల్లలు గాయపడిన కుక్క దగ్గరికి వెళ్లకూడదు కాబట్టి ఆ పని మగ్గాల షెడ్డుకు రాత్రి కాపలా కాసే పెద్దాయన తీసుకున్నాడు. కరీంనగర్ వైపు నుంచి వచ్చి చాలా ఏళ్లుగా ఇక్కడే ఉన్న మనిషి. పిల్లలు తాతా అని పిలుస్తారు. మేము చేసిన పనల్లా సందుకు ఇవతల అరుగు మీద కూర్చుని గమనించడం, నోటుపుస్తకంలో రాసుకోవడం.

మొదటి రోజే పిల్లలు అడిగారు, తాతా, దగ్గరికి పోయి పెట్టొచ్చు కదా అని. ఆయన అన్నాడు: “దగ్గరికి పోవుడు మన పని కాదు బిడ్డా. దగ్గరికి వచ్చుడు దాని పని. మనం కూసుండుడే.”

నోటుపుస్తకంలో ఉన్నది క్లుప్తంగా చెబుతాం.

మొదటి వారం గిన్నె ఇరవై అడుగుల దూరంలో పెట్టాడు. రోజూ సాయంత్రం ఏడింటికి, అదే అల్యూమినియం గిన్నె, అదే అన్నం, దాంట్లో ఉడికించిన గుడ్డు. పెట్టి వెళ్లిపోయేవాడు. ఆయన మలుపు తిరిగాకే కండె బయటికి వచ్చేది.

రెండో వారం వెళ్లిపోవడం మానేశాడు. బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద, దానికి పక్కకు తిరిగి కూర్చుని బీడీ కట్ట సర్దుకునేవాడు. మొదటి రెండు రోజులు కండె రాలేదు. అన్నం చీమల పాలైంది. మూడో రోజు వచ్చి, ఒక ముద్ద నోట కరుచుకుని టెంపో కిందికి పరుగెత్తింది. ఆరో రోజు గిన్నె దగ్గరే నిలబడి తినేసింది.

అప్పటి నుంచి రెండు మూడు రోజులకొకసారి గిన్నెను ఒక్క అడుగు తన వైపుకు జరిపేవాడు. కండె ఆగి మూతి నాక్కుంటే, మర్నాడు గిన్నె వెనక్కి వెళ్లేది. ఐదు వారాలకు దూరం ఆరడుగులైంది.

ఈలోగా పిల్లలు ఒక సంగతి కనిపెట్టారు. కండెకు మగ్గాల చప్పుడంటే భయం లేదు, లారీ హారన్ అంటే భయం లేదు. ఎవరైనా బకెట్ ఎత్తితే మాత్రం నేలకు కరుచుకుపోయేది. వీపు మీది మచ్చ ఎలా వచ్చిందో చూసినవారు ఎవరూ లేరు. అయినా నోటుపుస్తకంలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఇలా రాసింది: “బకెట్ చూసి భయపడింది, నాలుగోసారి. మచ్చ అక్కడి నుంచే వచ్చిందేమో.” దాన్ని మించిన పరిశోధన మాకు అక్కర్లేకపోయింది.

దీపావళి వచ్చింది. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వింటే, కుక్క చెవి సుమారు 45,000 దాకా వింటుంది. మనకు వినిపించని సన్నని చప్పుళ్లు కూడా దానికి వినిపిస్తాయి. సూరత్‌లో ఆ నాలుగు రోజులూ టపాకాయలు ఎలా మోగుతాయో మీకు తెలుసు. కండె కనిపించకుండా పోయింది. తాత రోజూ ఏడింటికి గిన్నె పెట్టి, తొమ్మిదింటికి తీసేవాడు. ఐదో రోజు వచ్చింది. మళ్లీ పదిహేను అడుగుల దూరంలో నిలబడింది. పిల్లలు డీలాపడ్డారు. ఆయన మాత్రం గిన్నెను పదిహేను అడుగుల దగ్గరే పెట్టాడు. ఈసారి ఆరడుగులకు రావడానికి ఐదు వారాలు పట్టలేదు, ఎనిమిది రోజులే పట్టింది. నేర్చుకున్నది పోలేదు, అడుగున ఉంది.

డిసెంబరులో అరచేతిలోని అన్నం తిన్నది. అప్పుడు బకెట్ పాఠం మొదలైంది. కండె తింటున్నంతసేపు ఒక చిన్న ఖాళీ బకెట్‌ను చాలా దూరంగా ఉంచేవాడు. తినడం అయిపోగానే బకెట్ కూడా తీసేసేవాడు. బకెట్ కనిపిస్తే అన్నం వస్తుంది, బకెట్ పోతే అన్నం పోతుంది. మెల్లమెల్లగా దగ్గరికి తెచ్చాడు. తర్వాత ఒక జానెడు ఎత్తి దించాడు. తెనాలి రామకృష్ణుడి పిల్లికి ఎవరూ చల్లారిన పాలు చూపించలేదు. కండెకు చూపించినవాడు ఒకడున్నాడు.

జనవరిలో, ఉత్తరాయణం పతంగుల హడావుడి ముగిశాక, నగరపాలక సంస్థ బండి వచ్చింది. వల వేయాల్సిన పని లేకుండా, తాత తగిలించిన తాడుతో కండె నడిచి వెళ్లి బండి ఎక్కింది. టీకా, ఆపరేషన్ అయి వారం దాటాక అదే సందులో దింపారు. చెవి కొసన చిన్న గాటు. మూడు రోజులు ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుని చూసింది. నాలుగో రోజు వచ్చి ఆయన చెప్పు మీద తల పెట్టుకుని పడుకుంది. మొదటి గిన్నె పెట్టిన రోజు నుంచి లెక్కిస్తే అప్పటికి ఐదు నెలలు దాటాయి.

దీని నుంచి నేర్చుకోవాల్సినవి

ఒకటి, వేళ తప్పకూడదు. అదే సమయం, అదే చోటు, అదే గిన్నె. బెదిరిన ప్రాణికి ప్రేమ కన్నా ముందు కావలసింది, తర్వాత ఏం జరుగుతుందో తెలియడం.

రెండు, పారిపోయే దారి ఎప్పుడూ తెరిచి ఉంచాలి. మూలకు నెట్టబడిన కుక్కకు కరవడం తప్ప మరో దారి ఉండదు. పారిపోగలనని తెలిసిన కుక్కే నిలబడటానికి ధైర్యం చేస్తుంది.

మూడు, దూరాన్ని కుక్కే నిర్ణయించాలి. అది భయపడే చోట మొదలుపెట్టకూడదు. భయపడని చోట మొదలుపెట్టి అంగుళం అంగుళం జరగాలి.

నాలుగు, వెనకడుగును ఓటమిగా లెక్కపెట్టకూడదు. పండుగ చప్పుడు, కొత్త మనిషి, ఒంట్లో నలత, ఏదైనా వెనక్కి లాగుతుంది. గిన్నెను వెనక్కి జరపడమే ఆ రోజు పాఠం.

ఐదు, తాకడం చివరి మెట్టు. అది కూడా తల మీద కాకుండా, ఛాతీ దగ్గరో మెడ పక్కనో, మూడు సెకన్లు. చెయ్యి తీసేశాక కుక్క మళ్లీ దగ్గరికి జరిగితే ఇంకొంచెం నిమరాలి. జరగకపోతే ఆ రోజుకు అంతే.

ఇంటికి తెచ్చుకునే కుక్కకు కూడా ఇవే సూత్రాలు. 1992లో అమల అక్కినేని హైదరాబాదులో స్థాపించిన బ్లూ క్రాస్ వంటి ఆశ్రయాల నుంచి ఎంతోమంది దేశవాళీ కుక్కలను దత్తత తీసుకుంటున్నారు. తెచ్చిన రోజే చుట్టాలందరినీ పిలిచి చూపించకండి. ఒక నిశ్శబ్దమైన మూల, ఒక గోనెపట్టా, నీళ్లు, తిండి చాలు. ఇల్లు అర్థం కావడానికి మూడు రోజులు, అలవాట్లు తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లని కుదురుకోవడానికి మూడు నెలలు అని ఆశ్రయాల వారు ఒక మోటు లెక్క చెబుతారు. దెబ్బలు తిన్న కుక్కకు ఇంకా ఎక్కువే పట్టవచ్చు.

కోల్‌కతా పరిశోధన ఏం చెప్పింది?

మన దేశపు వీధికుక్కలను శ్రద్ధగా చదువుతున్న బృందం ఒకటుంది. కోల్‌కతా ఐసర్ సంస్థలో అనిందితా భద్ర నాయకత్వంలో పనిచేసే శాస్త్రవేత్తలు 2017లో ఒక ఫలితం ప్రకటించారు. ముక్కూమొహం తెలియని మనిషి పదేపదే కలిసినప్పుడు, కొన్ని వీధికుక్కలకు తిండి, కొన్నింటికి నిమరడం బహుమతిగా ఇచ్చి చూశారు. తిండి కన్నా నిమరడమే నమ్మకాన్ని బాగా పెంచింది. ఆకలితో అల్లాడే వీధికుక్క కూడా మనిషి నుంచి మెతుకులు మాత్రమే కోరుకోవడం లేదన్నమాట.

2020లో అదే బృందం మరో ఫలితం చెప్పింది. సుమారు 160 వీధికుక్కల ముందు రెండు గిన్నెలు పెట్టి, ఒకదాన్ని వేలితో చూపించారు. దాదాపు సగం కుక్కలు అసలు దగ్గరికే రాలేదు. అవి బెదురుగా ఉన్నాయి. వచ్చినవాటిలో సుమారు 80 శాతం వేలు చూపించిన వైపే నడిచాయి. ఏ శిక్షణా లేని కుక్కకు మన సైగ అర్థమవుతోంది. రాని సగం కుక్కలకు తెలివి తక్కువని కాదు. భయం వాటి తెలివికి అడ్డుపడింది. తరగతి గదిలో పనిచేసే మాకు ఈ లెక్క కొత్తగా అనిపించలేదు. గట్టిగా కసిరితే బాగా చదివే పిల్లవాడు కూడా తెలిసిన జవాబు మరచిపోతాడు.

బదిలీల మీద ఊళ్లు మారే బడులు మనవి. కొత్త ఊరిలో మొదటి వారం ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. పేరేమిటి, ఏ ఊరు, ఎందుకొచ్చావు అని చుట్టూ మూగినవారి ముఖాలు గుర్తుండవు. బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చి ఊరుకున్నవాడే గుర్తుంటాడు. తాత చేసింది అదే.

చట్టం, జాగ్రత్త

ప్రాణుల పట్ల కరుణ చూపడం రాజ్యాంగంలోని 51ఎ అధికరణం మనకు చెప్పిన ప్రాథమిక విధుల్లో ఒకటి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం జంతువును కొట్టడం, తన్నడం, హింసించడం నేరం. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు వీధికుక్కలకు ఆపరేషన్, టీకా చేసి తెచ్చిన చోటే వదలాలని చెబుతాయి. తిండి పెట్టే చోటు పిల్లలు ఆడుకునే స్థలాలకు, రాకపోకల దారులకు దూరంగా ఉండాలనీ చెబుతాయి. విద్యాసంస్థల ఆవరణల్లో వీధికుక్కలు లేకుండా చూడాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి బడి గేటు దగ్గర, ఆవరణలో తిండి పెట్టకండి. మీరు మిగిల్చిన టిఫిన్ విసరడం దయ కిందికి రాదు.

చెవికి గాటు ఉంటే ఆ కుక్కకు ఆపరేషన్ అయిందని గుర్తు. గాయపడిన కుక్క కనిపిస్తే మీరు ఎత్తుకోవద్దు. గుజరాత్‌లో 1962 నంబరుకు పెద్దవారి చేత ఫోన్ చేయించండి. తెలుగు రాష్ట్రాల్లో కూడా సంచార పశువైద్య సేవకు అదే నంబరు.

కుక్క మీదికి వస్తే పరుగెత్తకండి. చెట్టులా కదలకుండా నిలబడి, చేతులు దగ్గరికి ముడుచుకుని, నేల చూడండి. కింద పడితే బంతిలా ముడుచుకుని మెడ, చెవులు చేతులతో కప్పుకోండి. కరిచినా, గీరినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం రాయవద్దు. ఇంట్లో తిడతారని దాచవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితంగా వేస్తారు.

ఇంకొక జాగ్రత్త కుక్క కోసం. వీధిలో బతికే కుక్కకు లోకమంతా మంచిదని నేర్పితే, రాయి పట్టుకున్నవాడి దగ్గరికి కూడా తోక ఊపుకుంటూ వెళ్తుంది. దానికి కాస్త అనుమానం మిగలాలి. ఒకరో ఇద్దరో నమ్మదగిన మనుషులు ఉంటే చాలు. కండె ఇప్పటికీ కొత్తవారిని చూస్తే టెంపో కిందికి వెళ్తుంది. వెళ్లనివ్వాలి.

ఒక మాట గురించి

తెలుగులో లొంగదీయడం అనే మాట ఉంది, మాలిమి చేసుకోవడం అనే మాట ఉంది. లొంగదీయడానికి కర్ర, గొలుసు, ఆకలి చాలు. అది ఒక పూటలో అయిపోతుంది. లొంగిన కుక్క కర్ర ఉన్నంతసేపే లొంగి ఉంటుంది. మాలిమికి నెలలు కావాలి. మాలిమి అనే మాటలో రెండో పక్షం అంగీకారం ఉంది. మనం ఎంత చేసినా, వచ్చి చెప్పు మీద తల పెట్టుకోవాలా వద్దా అన్నది దాని ఇష్టం. ఆ ఇష్టాన్ని దానికే వదిలేసి, రోజూ ఏడింటికి గిన్నె పెట్టి కూర్చోవడమే మన వంతు.

ఆలోచించండి, చేయండి

1. సరమ అడిగిన ప్రశ్నకు జనమేజయుడి తమ్ముళ్లు ఏమని జవాబు చెప్పి ఉండాల్సింది? ఐదు వాక్యాల్లో రాయండి.

2. మీ వీధిలోని ఒక కుక్కను కిటికీలోంచి గానీ అరుగు మీది నుంచి గానీ ఏడు రోజులు, రోజుకు పది నిమిషాలు గమనించండి. చెవులు, తోక, మూతి, నడక ఎలా మారాయో రాసుకోండి. దగ్గరికి వెళ్లకండి.

3. మీ వీధి కుక్కల్లో ఎన్నింటికి చెవి గాటు ఉంది? లెక్కపెట్టి, గాటు లేనివాటి సంగతి మీ పెద్దవారి ద్వారా పురపాలక సంఘానికి తెలియజేయండి.

4. బెదురు, జంకు, దడ, హడలు, గుబులు: ఈ ఐదు మాటల్లో ఏది కుక్క ఏ స్థితికి సరిపోతుందో సొంత వాక్యాల్లో చూపించండి.